ఒకే ఆఫీసు, ఒకే సలహా. బీపీ, నడుం కొలత మాత్రం కొందరికే ఎందుకు తగ్గాయి?

ప్రశ్న: హెల్త్‌రూమ్ సిస్టర్

నమస్కారం అండీ. నేను ఒక పెద్ద ఆఫీసు హెల్త్‌రూమ్‌లో నర్సుని. మేనేజర్లు, డెస్కు ఉద్యోగులు, సెక్యూరిటీ గార్డులు, క్లీనింగ్ వాళ్లు, సరుకు దించి ఎక్కించేవాళ్లు, ఇలా అందరికీ ఏటా చెకప్ చేసేది మేమే. బీపీ, షుగరు, నడుం చుట్టుకొలత చూస్తాం. పొగ తాగుతారా, మందు తాగుతారా, వ్యాయామం చేస్తారా అని అడిగి రాసుకుంటాం.

కొంతకాలంగా మా దగ్గర జీవనశైలి కార్యక్రమం నడుస్తోంది. అడుగులు లెక్కపెట్టే ఫోన్ యాప్, నడక పోటీలు, మధ్యాహ్నం పూట డాక్టరుగారి ఉపన్యాసాలు, సిగరెట్టు మానినవాళ్లకు బహుమతులు. ఫలితం బాగానే కనబడింది. ఆఫీసు మొత్తం సగటు తీస్తే బీపీ, నడుం కొలత రెండూ తగ్గాయి. అయితే నేను ఊరుకోలేక ఉద్యోగాల వారీగా విడదీసి చూశాను. తగ్గింది డెస్కుల దగ్గర కూర్చునేవాళ్లకే. గార్డులకి, క్లీనింగ్ వాళ్లకి, లోడింగ్ వాళ్లకి ఏ మార్పూ లేదు. అంటే పై వాళ్లకీ కింది వాళ్లకీ మధ్య తేడా మొదట్లో కంటే ఇప్పుడు ఎక్కువైంది.

ఈ మాట మీటింగులో చెబితే పై అధికారి ఒకరు, "చెప్పాల్సింది అందరికీ చెప్పాం. వినేవాళ్లు విన్నారు. విననివాళ్ల మీద ఇంకా ఖర్చెందుకు?" అన్నారు. అప్పటినుంచీ నా మనసు మనసులో లేదు. ఆయన విననివాళ్లు అంటున్న మనుషుల్ని నేను రోజూ చూస్తాను.

నలభై దాటిన గార్డు ఒకాయన ఉన్నాడు. రాత్రి పూట పన్నెండు గంటల డ్యూటీ. బీపీ బాగా ఎక్కువ. క్లినిక్ తెరిచి ఉండేది సరిగ్గా ఆయన నిద్రపోయే వేళల్లో. మాత్రలు అయిపోతే మళ్లీ రాయించుకోవడానికి ఒక పూట నిద్రయినా పోవాలి, ఒక రోజు జీతమయినా పోవాలి. అందుకని అయిపోయినప్పుడల్లా కొన్ని వారాలు మాత్ర లేకుండానే గడిపేస్తాడు. తెల్లవారుజామున కళ్లు మూసుకుపోకుండా సిగరెట్టు కాలుస్తాడు. మానేయమంటే, "మానేసి డ్యూటీలో కునుకు తీస్తే ఉద్యోగం ఉండదు సిస్టర్" అన్నాడు.

ఇంకొకామె తెల్లారకముందే వచ్చి అంతస్తులన్నీ తుడుస్తుంది. సాయంత్రం వేరేచోట ఇంకో పని. ఆమెకి షుగరు. రోజూ అరగంట నడవాలని మా కార్డులో ఉన్నది చదివి వినిపించాను. "నేను కూర్చునేదెప్పుడు సిస్టర్?" అని అడిగింది. నాకు జవాబు దొరకలేదు.

వచ్చే మీటింగులో నేను మాట్లాడాలి. జాలి కలిగించే కథలు చెప్పి వస్తే ఏమీ జరగదని నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను. జబ్బులకు కారణం అలవాట్లే అయితే ఆ అధికారి అన్నది నిజమే కదా? కాకపోతే ఇంకేముంది? ఇలాంటి చోట నిజంగా చేయగలిగింది ఏమిటి?

---

జవాబు: పొగ మానినవాడు

సిస్టర్ గారూ, మీ బాధ అర్థమైంది. ఒక్క విషయం మాత్రం ముందే చెప్పనివ్వండి. అలవాట్లది చిన్న పాత్ర అని మాత్రం మీటింగులో అనకండి. అది నిజం కాదు.

బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫోర్డ్ హిల్ 1951లో డాక్టర్ల మీద ఒక అధ్యయనం మొదలుపెట్టారు. 34 వేలకు పైగా మగ డాక్టర్లను యాభై ఏళ్లపాటు గమనిస్తూ వచ్చారు. చివరి ఫలితాలు 2004లో వచ్చాయి. పొగ మానకుండా తాగినవాళ్లు, అసలు తాగనివాళ్ల కంటే సగటున పదేళ్లు ముందు చనిపోయారు. 60 ఏళ్లకు మానేసినా సుమారు 3 ఏళ్లు, 50కి మానేస్తే 6, 40కి మానేస్తే 9 ఏళ్లు తిరిగి దక్కాయి. 30కే మానేస్తే నష్టం దాదాపు పూర్తిగా తప్పింది. నేను పొగ మానేసి చాలా కాలమైంది. మానాలనుకున్న రోజుల్లో నన్ను నిలబెట్టినవి ఈ అంకెలే. ఇప్పుడు మానినా లాభం ఉందని తెలియడం మనిషికి బలం.

2004లోనే 52 దేశాల్లో గుండెపోటు మీద చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం కూడా వచ్చింది. పొగ, బీపీ, షుగరు, రక్తంలో కొవ్వులు, పొట్ట, మానసిక ఒత్తిడి, పళ్లూ కూరగాయలూ తినకపోవడం, కదలకపోవడం, మద్యపానం తీరు. మొదటిసారి గుండెపోటు ముప్పులో మగవాళ్లలో 90 శాతం, ఆడవాళ్లలో 94 శాతం ఈ తొమ్మిదింటికే చెందుతుందని తేలింది.

మీ గార్డుకి "ఇదంతా వ్యవస్థ తప్పు, నీ చేతిలో ఏమీ లేదు" అని చెబితే ఆయన చేతిలో ఉన్న ఆ కొంచెం కూడా లాగేసినట్టవుతుంది. దయచేసి అలా మాత్రం చేయకండి.

---

జవాబు: జనారోగ్యం టీచర్

పై మిత్రుడు చెప్పిన ప్రతి అంకె సరైనదే. ఆయన ఆందోళన కూడా న్యాయమైనదే. నేను ఎపిడెమియాలజీ, అంటే జబ్బులు జనంలో ఎవరికి, ఎందుకు వస్తున్నాయో చూసే శాస్త్రం, పాఠాలు చెబుతాను. క్లాసులో ఏటా వచ్చే ప్రశ్న కూడా సిస్టర్ గారు అడిగినదే, కాబట్టి కొంచెం పెద్ద జవాబు రాస్తున్నాను.

అలవాట్లు జబ్బు తెస్తాయా అన్నది ఒక ప్రశ్న. తెస్తాయి. ఆ అలవాట్లు కొందరి దగ్గరే ఎందుకు పోగవుతున్నాయి, ఒకే అలవాటు కొందరిని ఎందుకు ఎక్కువగా దెబ్బతీస్తోంది అన్నది రెండో ప్రశ్న. మీ అధికారి మొదటిదానికి వచ్చిన జవాబుతో రెండోదాన్ని కూడా ముగించేస్తున్నారు.

మీకు అందరికంటే దగ్గరి ఉదాహరణ లండన్‌లోని బ్రిటిష్ ప్రభుత్వోద్యోగుల మీద జరిగిన వైట్‌హాల్ అధ్యయనం. 1967లో మొదలైంది. సుమారు 18 వేల మంది మగవాళ్లు, అందరికీ స్థిరమైన ఉద్యోగం, అందరికీ ఒకే ప్రభుత్వ వైద్య సేవ. ఆకలితో ఉన్నవాళ్లు లేరు, ఫ్యాక్టరీ పొగ పీల్చేవాళ్లు లేరు. అయినా అట్టడుగు గ్రేడులో మరణాల రేటు, పై గ్రేడుతో పోలిస్తే సుమారు మూడు రెట్లు ఉంది. ఇంకా ముఖ్యమైన సంగతి, తేడా అట్టడుగున మాత్రమే లేదు. అగ్రశ్రేణి అధికారుల కంటే వాళ్ల కింది అధికారులకు, వాళ్ల కంటే గుమాస్తాలకు, గుమాస్తాల కంటే మెసెంజర్లకు, ప్రతి మెట్టు దగ్గరా ముప్పు పెరుగుతూ పోయింది. కింది గ్రేడుల్లో పొగతాగేవాళ్లు ఎక్కువే. కానీ పొగ తాగనివాళ్లను మాత్రమే తీసుకున్నా ఆ మెట్లు అలాగే ఉన్నాయి. పొగ, బీపీ, కొలెస్టరాల్ అన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడాలో ఎక్కువ భాగం మిగిలిపోయింది.

దీన్ని ముందుకు తీసుకెళ్లిన మైఖేల్ మార్మట్ బృందం 1985లో రెండో అధ్యయనం మొదలుపెట్టింది. ఈసారి ఆడవాళ్లు కూడా ఉన్నారు, మొత్తం 10,308 మంది. తన పని వేళల మీద, పని తీరు మీద తనకి పట్టు లేనివాళ్లలో గుండెజబ్బు ఎక్కువని అందులో కనబడింది. మీ గార్డు మాట మళ్లీ చదవండి. ఎప్పుడు నిద్రపోవాలో, ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలో ఆయన చేతిలో లేదు.

ఇప్పుడు మీ అధికారికి అనుకూలంగా కనిపించే సాక్ష్యం కూడా చెప్పాలి. మీటింగులో ఎవరైనా దాన్ని ఎత్తితే మీరు తడబడకూడదు. 2010లో ఇదే వైట్‌హాల్ ఉద్యోగుల లెక్కల్ని ఇంకోలా చూశారు. అలవాట్లను మొదట్లో ఒక్కసారి కొలిచి ఊరుకోకుండా, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కొలిచినవి వాడారు. ఒక్కసారి కొలిచినప్పుడు మరణాల తేడాలో 42 శాతమే అలవాట్లతో ముడిపడినట్టు కనబడితే, మళ్లీ మళ్లీ కొలిచినప్పుడు 72 శాతం దాకా వెళ్లింది. "చూశారా, అలవాట్లే" అని కొందరు సంబరపడ్డారు. నాకు మాత్రం అది సరిగ్గా వ్యతిరేకమైన సంగతి చెబుతోంది. ఇరవై ఏళ్లకు పైగా ఒకే సమాచారం అందరికీ అందుబాటులో ఉంది. అయినా పై గ్రేడు వాళ్ల అలవాట్లు ఒకలా, కింది గ్రేడు వాళ్లవి ఇంకోలా నడిచాయంటే, ఆ అలవాట్లను పని, తీరిక, జీతం, నిద్ర నడిపిస్తున్నాయని కదా అర్థం.

విననివాళ్లు అన్న మాటకి సూటి జవాబు ఇంగ్లండ్‌లో పొగ మానడం మీద జరిగిన పరిశీలనల్లో ఉంది. మానడానికి ప్రయత్నించడంలో కింది తరగతుల వాళ్లు వెనకబడి లేరు. ప్రయత్నించాక నిలదొక్కుకోవడంలోనే తేడా. చుట్టూ కాల్చేవాళ్లు ఎక్కువ, ఒత్తిడి ఎక్కువ, పొగాకు మీద ఆధారపడటం కూడా ఎక్కువ. అంటే వాళ్లు విన్నారు, ప్రయత్నించారు కూడా. తర్వాత ఆసరా లేదు.

ఒకే అలవాటు వేరువేరుగా దెబ్బతీయడం గురించి స్కాట్లండ్ నుంచి 2017లో వచ్చిన అధ్యయనం చూడండి. సమానంగా మద్యం తాగేవాళ్లను పోల్చారు. పేదవాళ్లకు మద్యం వల్ల జరిగిన హాని ఎక్కువ. పొగ, బరువు, ఒకేసారి ఎక్కువ తాగే అలవాటు లాంటివన్నీ సరిచూసినా ఆ తేడా పోలేదు. అదే ఏడాది 17 లక్షల మందికి పైగా ఉన్న అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, 40 నుంచి 85 ఏళ్ల మధ్య కోల్పోయే ఆయుష్షులో తక్కువ స్థాయి వృత్తి వాటా సుమారు 2.1 ఏళ్లు అని తేలింది. పొగది 4.8, షుగరుది 3.9, కదలకపోవడానిది 2.4, అధిక బీపీది 1.6. అంటే కింది ఉద్యోగంలో ఉండటం బీపీ కంటే పెద్ద ముప్పు. బీపీని చెకప్ కార్డులో రాస్తాం, దీన్ని రాయం.

ఇక ఆ క్లీనింగ్ చేసే తల్లి అడిగిన ప్రశ్న. చాలా లోతైన ప్రశ్న అది. 1953లో బ్రిటిష్ పరిశోధకుడు జెరీ మోరిస్ బృందం లండన్ బస్సుల్లో డ్రైవర్లనీ కండక్టర్లనీ పోల్చారు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. కదలిక మేలు చేస్తుందన్న ఆలోచనకి పునాది అదే. కానీ 2021లో డెన్మార్క్‌లో లక్షకు పైగా మందిని చూసినప్పుడు, తీరిక వేళ చేసే కదలిక గుండెను కాపాడింది, బరువైన పని రూపంలో చేసే కదలిక కాపాడలేదు. పైగా ముప్పు పెరిగింది. ఎందుకన్నదాని మీద ఇంకా చర్చ నడుస్తోంది. గంటల తరబడి విశ్రాంతి లేకపోవడం, వంగి ఎత్తడం, బీపీ రోజంతా పైనే ఉండిపోవడం కారణాలని పరిశోధకులు అనుకుంటున్నారు. కాబట్టి ఆమెకి ఇంకో అరగంట నడక రాసివ్వకండి. ఆమెకి కావలసింది పని మధ్యలో కూర్చునే వ్యవధి, సరిపడా నిద్ర, షుగరు మందు తప్పకుండా అందడం.

చివరగా ఒక మాట బ్రిటిష్ ఎపిడెమియాలజిస్టు జెఫ్రీ రోజ్‌ది. ఈ మనిషికి జబ్బు ఎందుకొచ్చింది అన్న ప్రశ్న, ఈ జనంలో ఇంతమందికి ఎందుకొస్తోంది అన్న ప్రశ్న వేరువేరని ఆయన 1985లో రాశారు. రెండో ప్రశ్నకి ఫిన్‌లాండ్‌లోని ఉత్తర కరేలియా మంచి ఉదాహరణ. అక్కడి మగవాళ్లలో గుండెజబ్బు మరణాలు ప్రపంచంలోనే అత్యధికంగా ఉండేవి. 1972లో పెక్కా పుస్కా నాయకత్వంలో పని మొదలైంది. ఉపన్యాసాలతో ఆగలేదు. ఆహార పరిశ్రమతో మాట్లాడి కొవ్వులు, ఉప్పు తగ్గించారు, నర్సులు ఊరూరా బీపీ చూసి వైద్యం అందించారు. కొన్ని దశాబ్దాల్లో పనిచేసే వయసు మగవాళ్లలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. ప్రతి మనిషీ రోజూ మనసుని గట్టి చేసుకోవాల్సిన అవసరం లేని మార్పులే ఇలా కింది మెట్టు దాకా చేరతాయి.

---

జవాబు: హెల్త్‌రూమ్ సిస్టర్

ఇద్దరికీ చాలా చాలా కృతజ్ఞతలు. పొగ మానినవాడు గారూ, మీ అంకెల్ని గార్డు గారికి చెప్పాను. "నలభైలో మానినా తొమ్మిదేళ్లు వస్తాయా?" అని రెండుసార్లు అడిగాడు. ఆశ ఉన్న మనిషి అడిగే ప్రశ్న అది.

టీచర్ గారు రాసింది చదివాక మా కార్యక్రమానికి ఎవరెవరు రాగలరో కాగితం మీద పెట్టి చూశాను. నడక పోటీ ఫోన్ యాప్‌తో నడుస్తుంది. క్లీనింగ్ వాళ్లు డ్యూటీలో ఫోన్ పెట్టుకోకూడదు, లాకర్లో పెట్టాలి. డాక్టరుగారి ఉపన్యాసం మధ్యాహ్నం. ఆ వేళకి రాత్రి గార్డులు నిద్రలో ఉంటారు, క్లీనింగ్ మొదటి షిఫ్టు వెళ్లిపోయి ఉంటుంది. లోడింగ్ వాళ్లు కాంట్రాక్టరు మనుషులు కాబట్టి బహుమతులకు అర్హులు కారు. "అందరికీ చెప్పాం" అన్న మాట అక్కడే నిలవదు. దీన్ని యథాతథంగా మీటింగులో పెడతాను.

ఇప్పుడు నాకు కావలసింది కోరికల జాబితా. నేను అడిగితే వాళ్లు కాదనలేనంత స్పష్టంగా ఉండాలి. షిఫ్టుల్లో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా చెబుతారా?

---

జవాబు: మూడో షిఫ్టు

సిస్టర్, నేను షిఫ్టుల్లో పనిచేస్తూ యూనియన్ తరఫున భద్రత సంగతులు చూసినవాణ్ని. మనసులో మాట సూటిగా రాస్తాను.

అన్నిటికంటే ముందు మాత్రల సంగతి తేల్చండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2019 నాటికి 30 నుంచి 79 ఏళ్ల వాళ్లలో 128 కోట్ల మందికి అధిక బీపీ ఉండేది. వాళ్లలో సుమారు సగం మందికి ఆ సంగతే తెలియలేదు. మీ గార్డుకి తెలుసు, మాత్ర కూడా రాసిచ్చారు, అయినా ఒంట్లోకి పోవడం లేదు. ఇంతకంటే చేతికందే సమస్య ఇంకోటి లేదు. బీపీ అదుపులో ఉన్నవాళ్లకి నెలకోసారి కాకుండా మూడు నెలలకు ఒకేసారి రాయమని డాక్టరుని అడగండి. డాక్టరు హెల్త్‌రూమ్‌కి వచ్చే వేళని షిఫ్టు మారే వేళకి జరపమనండి. రాత్రి డ్యూటీ దిగేవాడు ఇంటికి పోయేముందు పది నిమిషాలు ఆగుతాడు. మళ్లీ మధ్యాహ్నం నిద్ర లేచి రమ్మంటే రాడు, నేనూ రాను.

చెకప్‌కి పట్టే సమయం డ్యూటీ సమయంగా లెక్కపెట్టాలి. కాంట్రాక్టు మనుషులకు కూడా. దీని మీద వెనక్కి తగ్గకండి. జీతం కోసి ఆరోగ్యం చూస్తామంటే ఎవరూ రారు.

తర్వాత రాత్రి డ్యూటీ. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే రాత్రి షిఫ్టు పనిని బహుశా క్యాన్సర్ కారకం అన్న వర్గంలో చేర్చింది, 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట నిలబెట్టింది. షుగరు, గుండెజబ్బు ముప్పు ఉండనే ఉంది. పన్నెండు గంటల రాత్రులు వరసగా వేయకుండా మధ్యలో విరామం ఇవ్వాలి, డ్యూటీలో కునుకు తీయడానికి అనుమతి ఉన్న ఒక విరామం పెట్టాలి. గార్డు సిగరెట్టు కాల్చేది నిద్ర ఆపుకోవడానికి అన్నారు కదా. ఆ నిద్ర సంగతి తేల్చకుండా నికోటిన్ గమ్ ఇచ్చినా నిలవదు. రెండూ కలిపి ఇవ్వండి. గమ్, ప్యాచ్ ఉచితంగా, వారం వారం ఒకరు పలకరించే ఏర్పాటుతో.

క్లీనింగ్ వాళ్లకి ప్రతి అంతస్తులో కూర్చోవడానికి ఒక కుర్చీ, మంచినీళ్లు, కాలకృత్యాలకు అడగకుండా వెళ్లే వీలు. చిన్నవిగా కనబడతాయి. షుగరు ఉన్న మనిషికి నీళ్లు తాగి టాయిలెట్‌కి వెళ్లే స్వేచ్ఛ ఎంత అవసరమో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

క్యాంటీన్ ఉంటే వంటలో ఉప్పు మెల్లగా తగ్గించమనండి. రోజుకి 5 గ్రాముల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. పోస్టర్ అంటించే బదులు వంటవాళ్లతో మాట్లాడండి. మేనేజరు, గార్డు ఇద్దరూ తినేది అదే కుండలోది.

నడక పోటీ ఆపమని మాత్రం అడగకండి. డెస్కు వాళ్లకి అది మేలే చేసింది. వాళ్లతో మీకు గొడవ వద్దు, వాళ్లే మీ తరఫున మాట్లాడాలి.

---

జవాబు: హెల్త్‌రూమ్ సిస్టర్

మూడో షిఫ్టు గారూ, మీకు దండాలు. మూడు నెలల మాత్రల సంగతి మా డాక్టరుగారిని ఈ రోజే అడిగాను. బీపీ నిలకడగా ఉన్నవాళ్లకి అభ్యంతరం లేదన్నారు. షిఫ్టు మారే వేళకి వారంలో ఒక పూట వస్తానని కూడా అన్నారు. ఇది మీటింగు దాకా ఆగాల్సిన పని కాదని తేలింది.

ఇంకొక్క సందేహం. ఉద్యోగాల వారీగా అంకెలు తెర మీద చూపిస్తే ఎవరికి ఏ జబ్బుందో బయటపడుతుందేమో అని భయంగా ఉంది. రాత్రి గార్డులు కొద్దిమందే. అందులో షుగరు ఉన్నది ఎవరికో తోటివాళ్లు ఇట్టే పోల్చేస్తారు. కాంట్రాక్టరు తెలుసుకుని తీసేసినా ఆశ్చర్యం లేదు. చూపించకపోతే తేడా ఎవరికీ కనబడదు. ఏం చేయమంటారు?

---

జవాబు: జనారోగ్యం టీచర్

మీ భయం సరైనదే, ఈ జాగ్రత్త తప్పనిసరి. చిన్న సమూహాల అంకెలు విడిగా ఎప్పుడూ చూపించకండి. గార్డులు, క్లీనింగ్, లోడింగ్ ముగ్గురినీ కలిపి ఒక సమూహం చేయండి, డెస్కు, మేనేజర్లు ఇంకో సమూహం. ఒకే చెకప్ అంకె కాకుండా రెండు మూడేళ్లవి కలపండి. ఎంతమందికి షుగరు ఉంది అని చూపించే బదులు, బీపీ ఎక్కువని తేలినవాళ్లలో ఎంత శాతానికి అది అదుపులోకి వచ్చిందో రెండు సమూహాలకీ పక్కపక్కన పెట్టండి. ఆ లెక్కలో వేలు మనిషి మీదికి పోదు, వైద్యం అందిందా లేదా అన్నదాని మీదికి పోతుంది. రోగుల జాబితా మీ రిజిస్టరు దాటి బయటికి రాకూడదు, కాంట్రాక్టరు అడిగినా, పై అధికారి అడిగినా. మీటింగు మొదట్లోనే ఆ మాట అనేయండి.

వచ్చే ఏడాది కూడా అదే రెండు సమూహాలకి అదే కొలత తీయండి. సగటు ఎంత తగ్గిందన్నది రెండో పేజీలో పెట్టి, మధ్య తేడా ఎంత తగ్గిందన్నది మొదటి పేజీలో పెట్టండి.